పాత బుల్లెట్ చాసిస్: విప్పేటప్పుడు చూడకపోతే మళ్లీ కనపడనివి

పాత బుల్లెట్ తెచ్చుకున్నవాళ్లకు తొందరంతా రంగు మీదే ఉంటుంది. ఆదివారం పొద్దున విప్పుడు మొదలుపెట్టి, చీకటి పడేసరికి చాసిస్‌ను ఆటోలో వేసి, ఇసుక కొట్టి పాత రంగు, జంగు వదలగొట్టే బ్లాస్టింగ్‌కు పంపేస్తారు. వారం తర్వాత నల్లగా నిగనిగలాడుతూ వస్తుంది. బిగించేటప్పుడు అసలు సంగతి బయటపడుతుంది: ఇంజన్ బోల్టు పొక్కలోకి దిగదు, వెనక చక్రం ముందు చక్రం వరసలో నిలబడదు, హ్యాండిల్ మీద పట్టు సడలిస్తే బండి ఒక పక్కకు గుంజుతుంది. ఇక కొత్త రంగును గీరుకుంటూ మళ్లీ మొదటికి రావాల్సిందే.

చాసిస్ తన కథంతా చెప్పేది విప్పేటప్పుడే. ఏ బోల్టు చేతివేళ్లతో వచ్చింది, ఏది సుత్తె పడితే గాని కదల్లేదు, ఏ వాషర్ ఒక అంచునే అరిగింది, ఏ పైపు లోపల మట్టి గలగలమంది. ఇవన్నీ ఒక నోటుబుక్కులో రాసుకుంటూ విప్పితే పనికి రెండు మూడు రోజులు ఎక్కువ పడుతుంది. ఆ రోజులు వృథా పోవు.

ఇక్కడ చెప్పేదంతా కాస్ట్ ఐరన్ ఇంజన్ ఉన్న 350 బుల్లెట్ గురించి. 70 మి.మీ. బోరు, 90 మి.మీ. స్ట్రోకు, 346 సీసీ, కుడికాలికి గేరు, ఎడమకాలికి బ్రేకు. 1955లో ఎన్‌ఫీల్డ్ ఇండియా మొదలైనప్పుడు ఇంగ్లండులోని రెడ్డిచ్ నుంచి వచ్చిన నమూనానే దశాబ్దాల పాటు పెద్దగా మారకుండా మద్రాసులో తయారైంది. ఈ చాసిస్‌కు ఒక ప్రత్యేకత ఉంది: ఇంజన్ కింద పైపు లేదు. మెడ (హ్యాండిల్ తిరిగే గొట్టం) దగ్గర నుంచి ఒకే ఒక్క ముందు పైపు కిందికి దిగి, ఇంజన్ ముందు ప్లేట్ల దగ్గర ఆగిపోతుంది. వెనక సీటు కింది పైపు దగ్గర చాసిస్ మళ్లీ అందుకుంటుంది. ఆ మధ్య ఖాళీలో ఇంజనూ గేర్‌బాక్సూ కలిసి పైపు చేయాల్సిన పని చేస్తాయి. అంటే ఇంజన్ దించిన చాసిస్ అడుగు తెగిన చట్రం లాంటిది. దాన్ని ఎత్తడం, ఆనించడం, కొలవడం అన్నీ ఈ ఒక్క విషయం గుర్తుపెట్టుకుని చేయాలి.

పానా పట్టకముందే చేయాల్సిన పని చాసిస్ నంబరు వెతకడం. గ్రీజు, పాత రంగు కింద దాక్కుని ఉంటుంది. వైర్ బ్రష్షు, గరుకు కాగితం జోలికి పోకుండా పెయింట్ రిమూవర్, మెత్తటి గుడ్డతో తుడవండి. పల్చటి తెల్లకాగితం దాని మీద పెట్టి పెన్సిల్‌ను పడుకోబెట్టి రుద్దితే అంకెలు పడతాయి. అట్లాంటి అచ్చులు మూడు తీసి, ఆర్సీలో ఉన్న నంబరుతో ఒక్కో అంకె పోల్చండి. ఏపీ 36 (పాత వరంగల్ జిల్లా) నంబరుతో ఇంకా తిరుగుతున్న బండ్లకు ఇది మరీ ముఖ్యం. 15 ఏళ్లు దాటిన బండికి ప్రతి 5 ఏళ్లకు రిజిస్ట్రేషన్ పొడిగించుకోవాలి, తనిఖీలో చూసేది ఈ అంకెలనే. బ్లాస్టింగ్‌లో సగం చెరిగిన నంబరును మళ్లీ పంచ్‌తో కొట్టుకోవడం చట్టం ఒప్పుకోని పని, ఆలోచన కూడా పెట్టుకోవద్దు. 50 ఏళ్లు నిండిన బండికి 2021లో వచ్చిన వింటేజ్ నిబంధనల కింద విడిగా రిజిస్ట్రేషన్ ఉంది. దానికి చాసిస్, ఇంజన్ అసలు రూపంలో ఉండాలి. స్టయిలు కోసం వెనక పైపు కోసి పొట్టి చేసిన చాసిస్ ఆ లెక్కలోకి రాదు.

బండి ఎక్కడి నుంచి వచ్చిందో కూడా కనుక్కోండి. ఏ పక్క జంగు పట్టి ఉంటుందో అదే చెబుతుంది. పరకాల, నర్సంపేట వైపు ఊళ్లలో వ్యవసాయానికి తిరిగిన బండి వెనక క్యారియర్ మీద యూరియా బస్తాలు మోసి ఉంటుంది. యూరియా గాలిలో తేమను పీల్చుకుని తడితడిగా అంటుకుంటుంది, ఇనుమును వదలకుండా తింటుంది. అట్లాంటి బండ్లలో సీటు కింది పైపులు, మడ్‌గార్డు పట్టీల బోల్టులు, చిమ్టా (వెనక చక్రాన్ని పట్టుకుని కిందికీ పైకీ ఊగే చట్రం) బోల్టు ముందు పోతాయి. పాల క్యాన్లు మోసిన బండికి వెనక పైపు కొక్కేలు తగిలిన చోట సొట్టలు పడి ఉంటాయి. భూపాలపల్లి, గోదావరిఖని గనుల దిక్కు నుంచి వచ్చినదైతే బొగ్గు పొడి గ్రీజులో కలిసి బుష్షులను సానరాయిలా అరగదీసి ఉంటుంది. ఏ ఊరి బండికైనా ఉండే జబ్బు ఒకటుంది: లెగ్‌గార్డు క్లాంపు. ముందు పైపు చుట్టూ బిగిసి, వాన నీళ్లు దాని వెనకే నిలుస్తాయి. క్లాంపు తీస్తే కింద ఉంగరంలా జంగు గుంట కనపడుతుంది. బండి ఎప్పుడైనా పక్కకు పడి ఉంటే ఆ దెబ్బ కూడా ఆ క్లాంపు దగ్గరే పైపుకు తగిలి ఉంటుంది.

ఇక పానాల సంగతి. పాత బుల్లెట్ల నట్లలో చాలా వరకు ఇంగ్లీషు కొలతలవి. వాటికి వాడే విట్‌వర్త్ పానా మీద రాసి ఉండే అంకె బోల్టు మందాన్ని చెబుతుంది, నట్టు తల వెడల్పును కాదు. అందుకే 1/4 పానా నోరు పావు ఇంచు ఉండదు, 13.3 మి.మీ. ఉంటుంది. 3/16ది 11.3, 5/16ది 15.2, 3/8ది 18 మి.మీ. ఈ లెక్క ఎందుకంటే, 13.3 నట్టుకు 13 పానా ఎక్కదు, 14 పానా ఎక్కి జారుతుంది. ఒకసారి జారిందా, నట్టు మూలలు గుండ్రమై ఇక ఏ పానాకూ అందదు. పాత బండ్లలో మొద్దుబారిన నట్లకు ఎక్కువ కారణం ఇదే, 14 పానాతో కానిచ్చేయడం. 3/16, 1/4, 5/16, 3/8 సైజుల్లో రింగు పానాలు, గొట్టం పానాలు ఒక్కో సెట్టు కొనండి. చిన్న చిన్న బోల్టులకు 1/8 కూడా కావాలి. తర్వాతి బండ్లలో, మెకానిక్కులు మధ్యలో మార్చిన చోట్ల మెట్రిక్ బోల్టులు కలిసిపోయి ఉంటాయి కాబట్టి అవీ దగ్గర ఉండాలి.

మరల విషయంలో ఇంకో మోసం ఉంది. 5/16 బోల్టు మందం 7.94 మి.మీ., 8 మి.మీ. బోల్టుకు దాదాపు సమానం. కంటికి తేడా తెలియదు. కానీ 5/16 సైకిల్ మర అనే ఇంగ్లీషు సన్న మరకు ఇంచుకు 26 చుట్లు, బీఎస్ఎఫ్ అనే ఇంకో ఇంగ్లీషు మరకు 22, మామూలు 8 మి.మీ. మెట్రిక్ మరకు 1.25 మి.మీ. పిచ్చు, అంటే ఇంచుకు 20 చిల్లర. ఒకదాని నట్టు ఇంకోదాని మీద రెండు చుట్లు సాఫీగా ఎక్కి బిగుసుకుంటుంది. జంగు వల్ల బిగుసుకుందేమో అనుకుని పానా మీద బలం పెడితే రెండు మరలూ ఖతం. అందుకే ఏ నట్టు ఏ బోల్టుదో దానికే వెంటనే ఎక్కించి పెట్టాలి. 55 డిగ్రీల ఆకులు, 60 డిగ్రీల ఆకులు రెండూ ఉన్న థ్రెడ్ గేజ్ ఒకటి కొనుక్కుంటే అనుమానం ఉన్న ప్రతి బోల్టు అక్కడికక్కడే తేలిపోతుంది.

బోల్టులన్నీ ఒక్క డబ్బాలో వేయడం కంటే పెద్ద తప్పు లేదు. కూలర్ అట్టపెట్టె ఒకటి విప్పి, దాని మీద మార్కర్‌తో బండి బొమ్మ గీయండి. ఏ బోల్టు ఎక్కడిదో ఆ చోట అట్టకు గుచ్చి, వాషర్లు, నట్టు అదే వరసలో వెనకనుంచి ఎక్కించండి. పొడుగు బోల్టులకు స్పేసర్లుంటే బైండింగ్ వైరుకు పూలదండలా గుచ్చి, కుడి ఎడమ రాసిన చీటీ కట్టండి. చిమ్టా పక్కల ఉండే వాషర్లు, వెనక చక్రం స్పేసర్లు, ఇంజన్ ప్లేట్ల మధ్య తొడుగులు కుడిది ఎడమకు పోతే చక్రం వరస తప్పుతుంది. ఫోటోలు ఎన్ని తీస్తే అంత మంచిది. ప్రతి ఫోటోలో ఒక చిన్న స్కేలు పెట్టండి, ఆరు నెలల తర్వాత అక్కరకొచ్చేది అదే.

బిగుసుకున్న బోల్టులకు మూడు రోజుల ముందు నుంచే తడి మొదలుపెట్టాలి. బజారులో దొరికే స్ప్రే అయినా సరే, కార్లకు వాడే ఆటోమేటిక్ ట్రాన్స్‌మిషన్ ఆయిల్, థిన్నర్ సమానంగా కలిపిన మందైనా సరే, పొద్దున సాయంత్రం రెండు చుక్కలు వేయండి. థిన్నర్ కలిసిన మందు మంట దగ్గర పేలినట్టు అంటుకుంటుంది. దాన్ని వేసిన రోజు గ్యాస్ టార్చి వెలిగించొద్దు. వేడి పెట్టాల్సి వస్తే ట్యాంకి, కార్బురేటర్, బ్యాటరీ బండి మీద ఉండకూడదు, పక్క గదిలో కూడా వద్దు.

విప్పే వరసలో మొదటి భాగం చకచకా అయిపోతుంది. బ్యాటరీ, సీటు, ట్యాంకి, సైలెన్సర్, కార్బురేటర్, టూల్‌బాక్సులు, వెనక మడ్‌గార్డు. ఇంజన్ కూడా తర్వాత విప్పే ఆలోచన ఉంటే, గేర్‌బాక్స్ స్ప్రాకెట్ నట్టు చైన్ తీయకముందే వదులు చేయండి. వెనక బ్రేకు మీద ఒకరు కాలు పెడితే సరిపోతుంది. ఇంజన్ బల్ల మీదికి వచ్చాక ఆ నట్టుకు పట్టు దొరకదు. క్రాంక్‌కేసులో ఆయిలు 2 లీటర్ల పైనే ఉంటుంది, వెడల్పాటి తట్ట పెట్టి దించండి. వైరింగ్ కత్తిరించకండి, ఎంత ఎండిపోయినా సరే. చీటీలు కట్టి పూర్తిగా బయటికి తీస్తే కొత్త కిట్టుకు అదే నమూనా.

డబుల్ స్టాండు స్ప్రింగు దగ్గర చాలామంది వేళ్లు నలగ్గొట్టుకుంటారు. స్క్రూడ్రైవర్‌తో తన్నితే అది ఎగిరి ఎటు పోతుందో చెప్పలేం. సులువైన పద్ధతి ఉంది. స్టాండును మెల్లగా కదిలిస్తూ స్ప్రింగు బాగా సాగే చోట ఆపండి. సాగిన చుట్ల మధ్య రూపాయి బిళ్లలు ఒక్కొక్కటి దూర్చండి, పది పన్నెండు పడతాయి. ఇప్పుడు స్టాండును వదులు పక్కకు మళ్లిస్తే స్ప్రింగు కుంచించుకోలేదు, కొక్కెం నుంచి చేత్తో ఊడివస్తుంది. బిళ్లలతోనే దాచిపెట్టండి, బిగించేటప్పుడు కూడా అట్లాగే ఎక్కుతుంది. ఇది స్టాండు మీద బరువు లేనప్పుడు, బండి కింద చెక్కదిమ్మలు పెట్టుకున్నాక చేసే పని.

ఇంజన్ దించుడులోనే చాసిస్ గురించి ఎక్కువ తెలుస్తుంది. ముందుగా ఒక సన్నటి వెదురు బద్ద గాని చెక్కపట్టీ గాని తీసుకుని, ముందు ప్లేట్ల బోల్టు నడిమధ్య నుంచి వెనక ప్లేట్ల కింది బోల్టు నడిమధ్య వరకు ఎంత దూరమో దాని మీద గీత గీయండి. ఇంజన్ దించాక ఇదే మళ్లీ కావాలి. హెడ్ నుంచి పై పైపుకు ఉండే స్టే పట్టీ తీయండి. ఇంజన్ కింద చెక్క పెట్టి, దాని కింద జాకీ పెట్టి, బరువు అప్పుడే ఆనిందనేంత వరకే ఎత్తండి. ఇప్పుడు ఒక్కో బోల్టు నట్టు తీసి, బోల్టు తలను పానాతో అటూ ఇటూ తిప్పి చూడండి.

చేతికి తెలిసే తేడా ఇక్కడే ఉంది. బోల్టు తిరగనే తిరగకపోతే అది జంగు, తడి వేసి ఆగాలి. తిరుగుతుంది గాని పక్కకు జరగకపోతే పొక్కలు ఒకదానికొకటి వరసలో లేవు. జాకీని పావు చుట్టు ఎక్కిస్తూ, దించుతూ మళ్లీ లాగండి. ఎక్కడో ఒకచోట వెన్నలా జారి వచ్చిందంటే ఇంజన్ బరువే పట్టి ఉంచింది, చింత లేదు. జాకీ ఎటు తిప్పినా జరగకపోతే చాసిస్‌ను ఇంజన్ బలవంతంగా పట్టి ఉంచుతోందన్న మాట. ఆ బోల్టుకు ఎర్ర చీటీ కట్టండి. బోల్టు బయటికి వచ్చాక దాని ఒంటి మీద మెరిసే చారలు చూడండి. చుట్టూ సమానంగా ఉంటే మామూలు అరుగుడు. ముందు భాగం ఒక చివర, వెనక భాగం ఇంకో చివర మెరుస్తుంటే ఆ పొక్కల గుండా బోల్టు వంకరగా నిలబడి ఇన్నేళ్లు పనిచేసింది.

ఇంజనూ గేర్‌బాక్సూ విడదీయకుండా ఒక్క ముద్దగానే వస్తాయి. అందులో ఇంజన్ను ఎత్తి బయటికి తీయడం కంటే, ఇంజన్ను దిమ్మ మీద కూర్చోబెట్టి చాసిస్‌నే పైకెత్తి పక్కకు తీయడం సులువు. కింద పైపు లేకపోవడం ఇక్కడ కలిసొస్తుంది. అప్పటికి చక్రాలు, ఫోర్కు తీసేసి ఉంటే చాసిస్‌ను ఇద్దరు హాయిగా ఎత్తుతారు. ముగ్గురుంటే మూడోవాళ్లు ఇంజన్ దొర్లకుండా పట్టుకుంటారు. ఒంటరిగా చేసే పని మాత్రం కాదిది.

ఇంజన్ బయటికి వచ్చిన వెంటనే, చాసిస్‌ను దేనికీ ఆనించకుండా, ఆ వెదురు బద్ద మళ్లీ పెట్టి చూడండి. ఒక మి.మీ. అటూ ఇటూ సహజం. రెండు మి.మీ. దాటి దగ్గరికి వచ్చినా, దూరం జరిగినా ఆ సంఖ్య నోటుబుక్కులో పెద్దగా రాయండి. ముందు దెబ్బ తిన్న బండికి ముందు పైపు వెనక్కి నెట్టుకుని ఉంటుంది, ఇంజన్ తీయగానే ఇంకాస్త జరుగుతుంది.

చిమ్టా విషయంలో ఓపిక ఎక్కువ కావాలి. విప్పకముందే దాని చివర పట్టుకుని ఎడమకు కుడికి ఊపి, ఎంత ఆడుతుందో స్కేలుతో కొలవండి. ఆట బుష్షుదా, పక్క వాషర్లదా అన్నది విప్పాక పోల్చుకోవచ్చు. పొడుగు బోల్టు లోపల జంగుతో అతుక్కుని ఉంటే దాని మర చివరన సుత్తెతో నేరుగా కొడితే చివర పుట్టగొడుగులా విచ్చుకుని ఇక ఎటూ రాదు. నట్టును మర చివరతో సమానంగా ఎక్కించి, దాని మీద ఇత్తడి ముక్క పెట్టి కొట్టాలి. ఒక్క పెద్ద దెబ్బ కంటే పది మధ్యస్థపు దెబ్బలు మేలు. మధ్యలో పానాతో బోల్టును తిప్పుతూ ఉండాలి. మూడు రోజుల తడి, వేడి, దెబ్బలు అయినా కదలకపోతే చివరి దారి: చిమ్టాకూ చాసిస్ చెవికీ మధ్య ఉన్న వాషర్ సందులో హ్యాక్సా బ్లేడు దూర్చి బోల్టును రెండు పక్కలా కోసేయడం. బోల్టు, బుష్షులు కొత్తవి దొరుకుతాయి, చాసిస్ చెవి దొరకదు.

కొత్త బుష్షు ప్రెస్సు చేశాక దాని లోపలి వ్యాసం కొంచెం తగ్గుతుంది. రెండు బుష్షులను ఒకే రీమరుతో ఒకే గీతలో తీయాలి, విడివిడిగా తీస్తే బోల్టు వంకరగా దిగి నెలలోనే మళ్లీ ఆట వస్తుంది. ఆటోనగర్‌లో లేత్ పని చేసేవాళ్లకు ఈ మాట ముందే చెప్పి, బుష్షుల లోపల ఉండే స్లీవును కూడా వెంట తీసుకెళ్లండి. ఉత్త చిమ్టా ఒక్కటే ఇచ్చి సైజు నోటితో చెబితే కుదరదు.

మెడ దగ్గరికి వద్దాం. బుల్లెట్‌కు ఫోర్కు కాళ్లను పైన పట్టుకునే పై టీ విడిగా లేదు, హెడ్‌లైటూ, దాని పక్కన చిన్న టైగర్ ల్యాంపులూ ఉండే పెద్ద కాస్కెట్టే ఆ పని చేస్తుంది. ఫోర్కు పైపుల పై చివరలు అందులోకి మరతో ఎక్కి ఉంటాయి. ఇది తెలియక కింది నుంచి సుత్తెతో కొట్టి కాస్కెట్ మరలు పాడు చేసినవి చాలా కనపడతాయి. అల్యూమినియం కదా, మర ఒకసారి పోతే కొత్త కాస్కెట్టే గతి. కింది టీ పించ్ బోల్టులు బాగా వదులు చేసి, పైన మూత తీసి, పైపును తిప్పి మర విప్పాలి. రెండు కాళ్లు వచ్చాక కాస్కెట్ వెనక క్లిప్ బోల్టు, పై నట్టు తీస్తే కింది టీ జారుతుంది.

జారే ముందు కింద ఒక పాత దుప్పటి పరవండి. పైన 19, కింద 19, మొత్తం 38 బేరింగ్ గోలీలు. పావు ఇంచువి, రెండు సూతుల గోలీలని అడిగితే షాపులో ఇస్తారు. పాత గ్రీజు ఎండిపోయి ఉంటే టీ కదిలిన క్షణంలో అన్నీ రాలి మోరి దాకా ఉరుకుతాయి. లెక్కపెట్టండి. పైన 18 మాత్రమే దొరికితే ఇంతకుముందు విప్పినవాళ్లు ఒకటి పోగొట్టుకుని బిగించారని తెలుస్తుంది. పాతవి మళ్లీ వాడేది లేదు, లెక్క మాత్రం కావాలి.

కప్పుల లోపల తుడిచి వెలుతురులో తిప్పి చూడండి. కింది కప్పులో ఒకే దూరంలో చిన్న చిన్న గుంటలు వరసగా కనపడితే, మెడ వదులుగా ఉండగానే గుంతల రోడ్డు మీద ఏళ్ల తరబడి తిరిగిన బండి అది. నేరుగా పోయేటప్పుడు గోలీలు ఎక్కడ ఆగుతాయో అక్కడే ప్రతి దెబ్బా పడుతుంది. అందుకే హ్యాండిల్ నడిమధ్యలో కొక్కెం పడ్డట్టు ఆగుతుంది. కప్పులు, కోన్లు సెట్టుగానే మార్చాలి. పాత కప్పు తీయడానికి ఎదుటి పక్క నుంచి పొడుగు కడ్డీ పెట్టి, గడియారం అంకెల్లా చుట్టూ మారుస్తూ కొట్టండి. అంచు అందకపోతే కప్పు లోపల చుట్టూ సన్నగా ఒక వెల్డింగ్ గీత వేయించండి. చల్లారేటప్పుడు ఆ గీత కుంచించుకుని కప్పును లోపలికి లాగుతుంది, చేత్తో వచ్చేస్తుంది. కప్పు కూర్చునే చోటు వదులైతే పంచ్‌తో చుక్కలు కొట్టి బిగుతు చేయడం అందరూ చేసే పని, కానీ నెలలు తిరగకుండానే మళ్లీ వదులవుతుంది. సన్నటి వదులైతే బేరింగ్‌లకు వాడే లాక్ ద్రావణం, ఎక్కువైతే లేత్ మీద రింగు. మూడో దారి లేదు.

ఇప్పుడు చాసిస్ ఒంటరిగా మిగిలింది. దాన్ని నిలబెట్టి నాలుగు దిక్కులా తిప్పుతూ చెవి పెట్టి వినండి. గలగలమంటే లోపల రాలిన జంగు పొరలు. చప్పుడు లేకుండా ఒక చివర బరువుగా అనిపిస్తే పైపు మూతి చూడండి, కుమ్మరి పురుగు మట్టిగూడు కట్టి ఉంటుంది. ఏళ్లుగా షెడ్డులో పడి ఉన్న బండ్లలో ఇది చాలా మామూలు. ఆ మట్టి వానకాలం తేమను పీల్చి ఎండాకాలం దాకా పట్టి ఉంచుతుంది, పైపు లోపలి నుంచి తినేస్తుంది. సన్నటి కడ్డీతో మట్టి తీసి, నీళ్లు పోయకుండా గాలి కొట్టి బయటికి తెండి. తర్వాత పైపుల పొడుగునా చిన్న సుత్తెతో మెల్లగా తడుతూ పొండి. మంచి చోట గంటలా మోగుతుంది, పల్చబడ్డ చోట మొద్దుగా పలుకుతుంది.

పగుళ్లకు ఇంట్లోనే మంచి పరీక్ష ఉంది. మెడ కింద, ముందు పైపు లగ్‌లో (పైపు చివరను పట్టి ఉంచే ఇనుప ముక్కలో) దిగే చోట, స్టాండు చెవులు, లెగ్‌గార్డు క్లాంపు చోటు, షాకబ్జార్ల పై చెవులు. ఈ అయిదు చోట్ల రంగు రిమూవర్‌తో తీసి, థిన్నర్‌తో తుడవండి. డీజిల్ గాని, దొరికితే గ్యాసునూనె గాని పూసి అరగంట వదలండి. పొడి గుడ్డతో బాగా తుడిచి, చాక్‌పీస్ పొడి స్పిరిట్‌లో కలిపి పల్చగా పూయండి. ఆరాక తెల్లటి పొర మీద వెంట్రుక లాంటి నల్లగీత తేలితే అది పగులు, లోపల ఇంకిన నూనె బయటికి వస్తోంది. ఎంత మంచి కన్నయినా దీని ముందు చాలదు.

పగులు లగ్ దగ్గర ఉంటే ఆర్క్ వెల్డింగ్ కొట్టించకండి. పాత చాసిస్‌ల లగ్ అతుకులు ఇత్తడి పోసి బ్రేజింగ్ చేసినవి. ఇత్తడి ఉన్న ఇనుము మీద ఆర్క్ వేస్తే ఇత్తడి వెల్డులో కలిసి అది పెళుసుబారుతుంది, పైకి బాగున్నా పక్కనే మళ్లీ చీలుతుంది. గ్యాస్ మీద బ్రేజింగ్ తెలిసిన చెయ్యి వెతకాలి. అదే కారణంతో బిగుసుకున్న బోల్టుకు లగ్ పక్కన వేడి పెట్టేటప్పుడు కూడా ఇనుము ముదురు ఎరుపు దాటనివ్వొద్దు. 900 డిగ్రీల దగ్గర అతుకులోని ఇత్తడి కరగడం మొదలవుతుంది.

వంకర కొలవడానికి ఖరీదైన జిగ్గు (చాసిస్‌ను బిగించి కొలిచే చట్రం) అక్కర్లేదు. చిమ్టా పొక్కలో సరిగ్గా సరిపోయే నిటారు కడ్డీ ఒకటి, రెండు పక్కలా నడిమధ్య నుంచి 300 మి.మీ. బయటికి వచ్చేట్టు. మెడలో ఇంకో కడ్డీ, పైనా కిందా లేత్ మీద తీయించిన సూదిమొన బుష్షులతో నడిమధ్యలో నిలిచేట్టు. చిమ్టా కడ్డీ కుడి చివర నుంచి మెడ కడ్డీ కింది చివరకు, ఎడమ చివర నుంచి అదే చోటుకు స్టీలు టేపుతో కొలవండి. రెండూ సమానంగా ఉండాలి. రెండు కడ్డీల మధ్య దూరం 700 మి.మీ. అనుకుంటే, మెడ 1 మి.మీ. పక్కకు పోయినప్పుడు ఆ రెండు కొలతల్లో సుమారు 0.8 మి.మీ. తేడా వస్తుంది. అందుకే టేపు మీద అర మి.మీ. చదివే ఓపిక ఉండాలి. ఇదే కొలత మెడ కడ్డీ పై చివరకు కూడా తీయండి. కిందా పైనా తేడా ఒకేలా ఉంటే చాసిస్ పక్కకు ఒంగింది. కింద సమానంగా ఉండి పైన తేడా వస్తే మెడ మెలి తిరిగింది. మెలి తిరిగిన బండి హ్యాండిల్ వదిలితే ఒక పక్కకు పోతుంది, ఎన్నిసార్లు చక్రం అలైన్‌మెంటు చేసినా ఆగదు. తేడా 2 మి.మీ. లోపు ఉంటే వదిలేయొచ్చు. దాటితే జిగ్గు మీద చల్లగానే సరిచేసే చోటుకు పంపాలి. పైపుకు వేడి పెట్టి ఇనుప గొట్టంతో వంచేవాళ్లకు ఇవ్వొద్దు.

రంగు గురించి క్లుప్తంగా. మన దగ్గర పౌడర్ కోటింగ్ షాపులకు ఎక్కువగా వచ్చేవి గేట్లు, గ్రిల్లులు. వాళ్లకు చాసిస్ కూడా అట్లాంటి ఇనుమే, మీరు చెప్పనిదే ఏ పొక్కా మూయరు. మెడ కప్పుల చోటు, చిమ్టా చెవుల లోపలి ముఖాలు, ఇంజన్ ప్లేట్లు ఆనే చోట్లు, ఎర్తు వైరు బిగించే చోటు, చాసిస్ నంబరు. ఇవన్నీ 200 డిగ్రీల వేడికి ఆగే టేపుతో మీరే మూసి ఇవ్వండి. మరలున్న ప్రతి పొక్కలో పాత బోల్టు ఎక్కించండి. ఇంజన్ ప్లేట్ల కింద పౌడర్ పొర మిగిలితే కొన్నాళ్లకు అది నలిగి బోల్టులు వదులవుతాయి, ఇంజన్ కదులుతుంది, పొక్కలు అరుగుతాయి. సొట్టల్లో బాడీ పుట్టీ పెట్టి పౌడర్‌కు పంపొద్దు, ఓవెన్‌లో పొంగుతుంది. జూలై, ఆగస్టు నెలల్లో బ్లాస్టింగ్ చేయిస్తే అదే రోజు ప్రైమర్ పడాలి. రాత్రి ఉంచితే తెల్లారేసరికి చాసిస్ మీద ఎర్రటి పొడి పూసి ఉంటుంది.

పంపే ముందు రోజు ఒక పని మిగిలి ఉంటుంది. ఖాళీ క్రాంక్‌కేసులు, గేర్‌బాక్స్ డొక్కు, ప్లేట్లు చాసిస్‌లో పెట్టి బోల్టులన్నీ చేతివేళ్లతో దూర్చి చూడండి. చిమ్టా పెట్టి వెనక చక్రం, ఫోర్కు పెట్టి ముందు చక్రం కూడా ఎక్కించి, ముందూ వెనకా చక్రాల పక్కన దారం లాగి వరస చూడండి. ఎర్ర చీటీ కట్టిన బోల్టు ఇప్పుడు తనంత తాను జారిందంటే చాసిస్‌ను ఆటోలో వేయొచ్చు.